పాత జర్మన్ ఎస్‌యూవీ: బ్రేకు ఒక్కోసారి రాయిలా బిగుసుకుంటోంది, ఎవరికైనా ఇలా అయిందా?

కానూరు కుర్రాడు
2009 మోడల్ జర్మన్ డీజిల్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్. నాలుగు నెలల కిందట గుంటూరులో ఒక బ్రోకర్ దగ్గర కొన్నాను. నేను మూడో ఓనర్ని. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు. చెబితే "అప్పుడే చెప్పాం కదా" అనేవాళ్లు ఇంట్లో చాలామంది ఉన్నారు, ఇక్కడ కూడా ఎందుకు.

మొన్న ఆదివారం గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేటు దగ్గర లైన్లో ఉన్నాను. కాస్త కదలడం, కాస్త ఆగడం. రెండుసార్లు బ్రేకు మామూలుగానే పడింది. మూడోసారి పెడల్ దిగలేదు, గోడను తన్నినట్టుంది. సీట్లోంచి లేచి రెండు కాళ్లతో తొక్కితే ముందున్న మిర్చి లారీకి జానెడు దూరంలో ఆగింది. పక్కన మా ఆవిడ. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పటిదాకా చేయించినవి: ముందు ప్యాడ్లు, డిస్కులు కొత్తవి వేశారు. ఇంకో మెకానిక్ బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చి ఎయిర్ తీశాడు. స్కానర్ పెడితే ఒక్క ఎర్రర్ లేదు. అంతా కలిపి 48 వేలు. అయినా ఒక్కోసారి బ్రహ్మాండంగా పడుతుంది, ఒక్కోసారి ఇలా. తొక్కి పట్టుకుంటే కాళ్ల దగ్గర సుయ్‌మని శబ్దం. ప్రస్తుతం ఆఫీసుకు మా చెల్లి స్కూటీ మీద పోతున్నాను.

పాయింట్ లేనోడు
బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కు, దిగకు. బ్రేకుతో పనే ఉండదు.

గుంటూరు ఘాటు
ప్యాడ్లు లోకల్‌వి వేసుంటారు. రెండున్నర టన్నుల బండికి నాసిరకం ప్యాడ్లు వేస్తే వేడెక్కగానే పట్టు పోతుంది. నాకు శ్రీశైలం నుంచి దోర్నాల దిగేటప్పుడు సరిగ్గా ఇలాగే అయింది. పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగట్లేదు. ఒరిజినల్ ప్యాడ్లు వేశాక మళ్లీ రాలేదు.

స్పానర్ సుబ్బు
ఘాటు అన్నా, ఘాట్ రోడ్డులో నువ్వు చెప్పింది కరెక్టే. కానీ కాజ టోల్ లైన్లో పది కిలోమీటర్ల స్పీడులో డిస్కులు ఏం వేడెక్కుతాయి?

కానూరు తమ్ముడూ, ఆటోనగర్‌లో 21 ఏళ్లుగా ఈ పనే. పెడల్ ఏం చెబుతోందో వినకుండా సామాను మార్చేశారు నీకు. పెడల్ స్పంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి. కాలు నొక్కి పట్టుకుంటే మెల్లగా నేల దాకా జారిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయినట్టు. రాయిలా బిగుసుకుంటే మాత్రం ముందు బూస్టర్ వైపు చూడాలి. అంటే వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) సాయంతో కాలి బలాన్ని పెంచే రేకు డబ్బా. ప్యాడ్లు, ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా తేడా రాదు.

ఇంట్లోనే చూసుకో, పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఆపి ఐదారుసార్లు బ్రేకు తొక్కు, పెడల్ గట్టిపడుతుంది. అలా కాలు నొక్కి ఉంచే స్టార్ట్ చెయ్. కాలి కింద పెడల్ కొంచెం కిందికి జారాలి. తర్వాత ఇంకోటి. ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపేసి, ఐదు నిమిషాలాగి తొక్కు. మొదటి ఒకటి రెండు తొక్కుళ్లు మెత్తగా ఉండాలి. రెండూ ఎలా ఉన్నాయో వచ్చి చెప్పు.

కానూరు కుర్రాడు
మరి స్కానర్‌లో ఎందుకు రాలేదు సుబ్బన్నా?

స్పానర్ సుబ్బు
స్కానర్ వైరు ఉన్న చోటే చూస్తుంది. వీల్ సెన్సర్ పోయినా, ఏబీఎస్ పంపు మోటారు పోయినా చెబుతుంది. రేకు డబ్బా లోపల రబ్బరు చిరిగితే దానికేం తెలుస్తుంది?

స్టీరింగ్ తాతయ్య
మేము ఈ బూస్టర్‌ని హైడ్రోవాక్ అనేవాళ్లం. నేను మొదట నడిపిన అంబాసిడర్ ట్యాక్సీకి అది లేదు. డ్రైవర్ కాలే హైడ్రోవాక్. అందుకే మా తరం డ్రైవర్లకి కుడి పిక్క ఎడమ పిక్క కన్నా లావుగా ఉండేది, నవ్వులాట కాదు.

బాబూ, రిపేరు సంగతి సుబ్బు చూసుకుంటాడు. మళ్లీ రోడ్డు మీద ఇలా అయితే ఏం చేయాలో నేను చెబుతాను. పెడల్ రాయిలా ఉన్నప్పుడు పంపు కొట్టొద్దు. కొట్టిన కొద్దీ మిగిలిన కాస్త వాక్యూమ్ కూడా అయిపోతుంది. ఒకేసారి బలమంతా పెట్టి తొక్కి, అలాగే పట్టు. పెడల్ కిందికి పోతుంటే మాత్రం టకటకా పంపు కొట్టాలి. చాలామంది ఈ రెంటినీ కలిపేసుకుంటారు. ఏ రకమైనా సరే ఇంజన్ ఆపొద్దు, స్టీరింగ్ కూడా బిగుసుకుంటుంది. ఆటోమేటిక్ అయినా చేత్తో గేర్లు దించే వీలుంటుంది, దించు. హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరుగుతుంది. కొంచెం కొంచెంగా లాగాలి.

పాతబండి పిచ్చోడు
తాతగారూ, కుర్రాడి బండికి హ్యాండ్ బ్రేకు చేతికి ఉండకపోవచ్చు. ఆ కాలం పెద్ద బండ్లలో కొన్నిటికి ఎడమ కాలితో తొక్కేది, కొన్నిటికి బటన్.

స్టీరింగ్ తాతయ్య
బటన్ నొక్కితే ఆగే బండిని నేను నమ్మను.

అరండల్‌పేట డాక్టరమ్మ
నాదీ పాత పెద్ద బండే, కానీ సమస్య దీనికి పూర్తిగా తిరగబడి. బ్రేకు పట్టేది, వదిలేది కాదు. బండి ఎడమకి లాగడం, క్లినిక్ ముందు ఆపగానే కాలిన వాసన. ఒక షెడ్డులో క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కేది) మార్చారు, పది రోజులకి మళ్లీ అదే. చివరికి బ్రాడీపేటలో ఒక పెద్దాయన రబ్బరు బ్రేకు గొట్టం కోసి చూపించాడు. పైకి బాగానే ఉంది, లోపల ఉబ్బి రంధ్రం మూసుకుపోయింది. నా కాలి బలానికి ఆయిల్ లోపలికి పోతోంది, వెనక్కి రావడానికి దారి లేదు. రక్తనాళం పూడుకుపోయినట్టే. చూడగానే నవ్వొచ్చింది.

బండి దిగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒక్కటే మిగతా వాటి కన్నా సెగలు కక్కుతుంటే అనుమానించాలి.

ఇంకొకటి, దీనికి సంబంధం లేదు కానీ. బండి నాది, బిల్లు కట్టేది నేను. మెకానిక్ మాత్రం ప్రతి మాటా మా ఆయన మొహం చూసి చెబుతాడు. ఆయనకి బానెట్ ఎక్కడ తెరుచుకుంటుందో కూడా తెలీదు.

పాయింట్ లేనోడు
డాక్టరమ్మా, మీ ఆయనా నేనూ ఒకటే బ్యాచ్.

కానూరు కుర్రాడు
సుబ్బన్నా, చేశాను. కాలు నొక్కి పట్టుకుని స్టార్ట్ చేస్తే పెడల్ వెంట్రుక మందం కూడా జారలేదు. ఐదు నిమిషాలాగి తొక్కితే మొదటిదే రాయి. కానీ ఇంజన్ పావుగంట నడిచాక మొదటి పరీక్ష మళ్లీ చేస్తే కాస్త జారింది. అందుకే ఒక్కోసారి బాగుంటోందా?

స్పానర్ సుబ్బు
అవును. లీకు ఉన్నా పంపు లాగుతూనే ఉంటుంది కాబట్టి కాసేపటికి కొంత కూడుతుంది. ఒక తొక్కుడుకో రెండిటికో సరిపోతుంది. టోల్ లైన్లో వెంటవెంటనే తొక్కావు, మూడోదానికి ఖాళీ. పెట్రోలు బండైతే ఇంజన్ మానిఫోల్డ్ నుంచే వాక్యూమ్ వస్తుంది. డీజిల్‌కి విడిగా పంపు ఉంటుంది. కాబట్టి ఇప్పుడు అనుమానం నాలుగింటి మీద: పంపు, గొట్టం, గొట్టం చివర గాలిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు, బూస్టర్.

పాతబండి పిచ్చోడు
నా ఓటు వాల్వుకి. చాలా చిన్న సామాను. 15 ఏళ్లకి ప్లాస్టిక్ గొట్టాలు కూడా పెంకుల్లా విరుగుతాయి. బూస్టర్ జోలికి పోయే ముందు అవి చూడండి.

గుంటూరు ఘాటు
నేనిప్పటికీ ప్యాడ్లే అంటాను. సరే, ఆయిల్ ఏది పోశారు? అది కూడా అడగండి. డాట్ 3 కొత్తది 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, డాట్ 4 అయితే 230. గాలిలో తేమ పీల్చుకుని 3.7 శాతం నీళ్లు చేరితే అదే డాట్ 4 155కే మరిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. మన కృష్ణా తీరం ఉక్కపోతకి ఇంకా ముందే మార్చినా తప్పులేదు.

స్పానర్ సుబ్బు
నిజమే అన్నా, అయితే ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి దిగిపోతుంది. ఇతనిది దిగట్లేదు. నువ్వు మంచి మందే చెబుతున్నావు, వేరే రోగికి.

గుంటూరు ఘాటు
😂 ఒప్పుకున్నా. ఇక ప్యాడ్ల గురించి మాట్లాడను.

పాతబండి పిచ్చోడు
2022 జూన్‌లో మెర్సిడెస్ పెద్ద రీకాల్ ప్రకటించింది, గుర్తుందా? 2004 నుంచి 2015 మధ్య తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ బండ్లు, ప్రపంచం మొత్తం మీద దాదాపు 10 లక్షలు. బ్రేక్ బూస్టర్ డబ్బా తుప్పు పట్టే అవకాశం ఉందని. చెక్ చేయించేదాకా బండి బయటికి తీయొద్దని ఓనర్లకి చెప్పారు.

కానూరు కుర్రాడు
నాది ఆ కంపెనీ కాదు. అయినా ఇప్పుడు రాత్రి నిద్ర పట్టేలా లేదు.

పాయింట్ లేనోడు
16 ఏళ్ల బండి కొనేటప్పుడు పట్టిందా నిద్ర? ఏనుగును కొని అంకుశం దగ్గర ఏడుస్తున్నారు.

కానూరు కుర్రాడు
బాబాయ్, కొత్త చిన్న కారు కన్నా తక్కువకి వచ్చింది. తలుపు వేస్తే వచ్చే ఆ 'ధబ్' శబ్దం ఒక్కసారి విను, నువ్వూ కొంటావు.

స్పానర్ సుబ్బు
శబ్దం విని బండి కొన్నవాళ్లే మా షెడ్డు అద్దె కడుతున్నారు. రేపు బండి తీసుకురా. నడుపుకుంటూ కాదు, టోయింగ్ మీద. కానూరు నుంచి ఆటోనగర్ ఎంత దూరమనుకోకు, మధ్యలో బడి పిల్లలుంటారు.

కానూరు కుర్రాడు
రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. కథ ఎక్కడికో పోయింది.

సుబ్బన్న ముందు బూస్టర్ దగ్గర గొట్టం పీకి, ఇంజన్ నడుస్తుండగా నా బొటనవేలు పెట్టమన్నాడు. వేలిని గట్టిగా పట్టేసుకుంది. అంటే పంపు, గొట్టం బాగున్నాయి. వాల్వు నోట్లో పెట్టుకుని ఊదాడు, ఒకవైపే గాలి పోతోంది. అదీ బాగుంది. ఇక మిగిలింది బూస్టర్. దాన్ని విప్పడానికి లోపల డ్యాష్‌బోర్డు కింద పెడల్ పిన్ను తీయాలి కదా, షెడ్డులో పనిచేసే కుర్రాడు టార్చి పట్టుకుని వెల్లకిలా దూరాడు. కాసేపటికి లోపలి నుంచే "అన్నా, ఇక్కడ మట్టి ఉంది" అన్నాడు. పెడల్ బ్రాకెట్ పైభాగాన, స్క్రూల తలల్లో, వేలు పెడితే పెచ్చులుగా రాలే సన్న ఒండ్రు.

తర్వాత బూస్టర్ బయటికి తీసి వంచితే రెండు మూడు చెంచాల నీళ్లు వచ్చాయి. డికాక్షన్ రంగు. వెనకాలే కాఫీ మడ్డి లాంటిది. సుబ్బన్న ఏమీ అనలేదు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని "బండి ఎక్కడ కొన్నావన్నావు?" అని మాత్రం అడిగాడు.

స్పానర్ సుబ్బు
బూస్టర్ గాలి పీల్చేది క్యాబిన్ లోంచే. పెడల్ కడ్డీ లోపలికి పోయే చోట రబ్బరు తొడుగు, దాంట్లో స్పంజి ఫిల్టర్ ఉంటాయి. నీకు సుయ్‌మని వినిపించేది అక్కడి నుంచే. తొక్కగానే చిన్న శబ్దం అన్ని బండ్లకీ ఉంటుంది, ఆగకుండా వస్తేనే తప్పు. క్యాబిన్‌లో పెడల్ ఎత్తుకి పైగా నీళ్లు నిలిస్తే ఆ దారినే లోపలికి పోతాయి. ఇంజన్ కడిగారు, సీట్లు ఉతికించారు, సెంటు కొట్టారు. దీని గురించి ఎవరికీ గుర్తు రాలేదు.

పాతబండి పిచ్చోడు
తొందరపడి వరద బండి అనేయకండి. ఈ బండ్లకి ముందద్దం కింద నీళ్లు పోయే రంధ్రాలు వేపాకులతో మూసుకుపోయినా నీళ్లు నిలిచి బూస్టర్ మీదికి కారతాయి. చెట్టు కింద పెట్టే బండి కావచ్చు.

స్పానర్ సుబ్బు
వేపాకు నీళ్లలో ఒండ్రు రాదు గురూ.

పాలసీ ప్రసాదం
బ్రోకర్ పాత ఇన్సూరెన్స్ కాపీ ఇచ్చాడా? అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడండి. సున్నా ఉంటే క్లెయిమ్ జరిగినట్టు.

పాతబండి పిచ్చోడు
అలా చెప్పలేం. ఆ బోనస్ ఓనర్‌ది, బండిది కాదు. చేతులు మారితే కొత్త ఓనర్‌కి మామూలుగానే సున్నా.

పాలసీ ప్రసాదం
అవును, అది మర్చిపోయాను. అయితే ఆర్సీ బదిలీ తేదీ చూడండి. సీటు బెల్టులు చివరిదాకా లాగి చూడండి. స్పేర్ టైరు తీసి కింద గుంట చూడండి. బెల్టు మొదటి మూడు అడుగులు అందరూ కడుగుతారు, చుట్టలో ఉన్నది ఎవరూ కడగరు.

కానూరు కుర్రాడు
చూశాను. రెండో ఓనర్ పేరు మీదికి మారింది 2024 నవంబరు. వెనక సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర జానెడు మేర మట్టి రంగు, అడ్డంగా గీత గీసినట్టు. స్పేర్ టైరు గుంటలో ఎండిన గడ్డిపరక ఒకటి.

మొదటి ఓనర్ అడ్రసు విజయవాడ సింగ్ నగర్.

పాయింట్ లేనోడు
దీని మీద జోకు వేయను.

సింగ్‌నగర్ 2024
ఈ వేదికలో ఇప్పటిదాకా చదవడమే, రాయలేదు. మాదీ సింగ్ నగరే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మీద పడినప్పుడు నా బండి ఇంటి ముందే ఉంది. పొద్దున టైర్ల దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి అద్దాలు దాటాయి. మేడ మీద నుంచి చూస్తూనే ఉన్నాం. వైపర్లు వాటంతట అవే రెండుసార్లు తిరిగి ఆగిపోయాయి. అది ఇప్పటికీ గుర్తొస్తుంది. నీళ్లు పోయాక ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అన్నారు, డబ్బులిచ్చారు, బండి తీసుకుపోయారు. వేలంలో ఎవరో కొన్నారని తర్వాత తెలిసింది. ఎవరని నేను అడగలేదు.

మొన్న దసరాకి బ్రాడీపేటలో కనిపించింది. రంగు వేశారు, నంబరు అదే. వెనకద్దం మీద మా పాప అతికించిన సీతాకోకచిలుక స్టిక్కర్ గీకేసిన మచ్చ కూడా అలాగే ఉంది. లోపల చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఒకావిడ. దిగి వాళ్లకి చెప్పాలా అనుకున్నాను.

అరండల్‌పేట డాక్టరమ్మ
చెప్పారా?

సింగ్‌నగర్ 2024
గ్రీన్ పడింది. వెళ్లిపోయారు. నంబరు తెలుసు కాబట్టి వెతకొచ్చు. ఈ చర్చ చదివాక రెండు రోజులుగా అదే ఆలోచన.

స్టీరింగ్ తాతయ్య
వెతుకు నాయనా. ఆర్టీవో ఆఫీసు దగ్గర నాకు తెలిసినవాళ్లున్నారు. నాకు విడిగా మెసేజ్ పెట్టు.

గుంటూరు ఘాటు
కుర్రాడా, బ్రోకర్‌ని వదలొద్దు. నాకు చెప్పు, నేనూ వస్తాను.

పాలసీ ప్రసాదం
నలుగురు పోయి అరిస్తే వాడు షాపు మూసుకుని పోతాడు. ఫొటోలు, సుబ్బు గారి బిల్లు, అమ్మేటప్పుడు వాడు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచండి. లాయర్ నోటీసు ఇవ్వండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి రెండేళ్ల గడువు ఉంటుంది, కానీ ఆగకండి. "వరద బండి కాదు" అని రాసినట్టు ఎక్కడైనా ఉందా?

కానూరు కుర్రాడు
"సింగిల్ హ్యాండ్ డ్రైవెన్, డాక్టర్ యూజ్డ్" అని ఉంది. ఆర్సీలో ఇద్దరున్నారని అడిగితే రెండో ఆయన బండిని ముట్టుకోలేదన్నాడు. అది మాత్రం నిజమేనేమో.

అరండల్‌పేట డాక్టరమ్మ
మా పేరు చెప్పి అమ్మినన్ని బండ్లు మేము జన్మలో నడిపి ఉండం.

పాతబండి పిచ్చోడు
బూస్టర్ ఏం చేస్తున్నారు? ఆటోనగర్‌లోనే తీసిన సామాను సగం కన్నా తక్కువకి దొరుకుతుంది. పార్ట్ నంబరు కలిస్తే చాలు.

స్పానర్ సుబ్బు
తలుపు, లైటు, డ్యాష్‌బోర్డు తీసినవి వేస్తాను. బూస్టర్ వేయను. తీసిన బూస్టర్ కూడా ఏ సింగ్ నగర్ బండిదో నీకు తెలుసా?

పాతబండి పిచ్చోడు
వాక్యూమ్ పెట్టి గంటసేపు నిలుస్తుందో లేదో చూసి వేయొచ్చు. నేను రెండు బండ్లకి అలాగే వేయించాను, ఇప్పటికీ నడుస్తున్నాయి. అందరి దగ్గరా కొత్తదానికి డబ్బులుండవు సుబ్బూ.

స్పానర్ సుబ్బు
పరీక్ష చేసి వేసేవాళ్లు ఉంటే సరే. ఎంతమంది చేస్తారు? మాస్టర్ సిలిండర్, రబ్బరు గొట్టాలు మాత్రం ఎవరు చెప్పినా పాతవి వేయించుకోవద్దు. ఇతని బండికి ఏబీఎస్ కనెక్టర్లు కూడా విప్పి చూశాను. రెండు పిన్నులకి పచ్చగా చిలుము పట్టింది, శుభ్రం చేశాను. వెనక క్యాలిపర్ స్లైడ్ పిన్నులు బిగుసుకుపోయి ఉన్నాయి, వాటికి బ్రేకుల కోసం వచ్చే సిలికాన్ గ్రీజే పెట్టాలి. మామూలు గ్రీజు పూస్తే రబ్బర్లు ఉబ్బుతాయి. ఆయిల్ మళ్లీ డాట్ 4 కొత్తది. ఎవరైనా డాట్ 5 అంటే పెద్ద నంబరు కదా అని పోయించుకోకండి, అది సిలికాన్‌ది, దీంతో కలవదు.

కానూరు కుర్రాడు
కొత్తదే తెప్పించాను. పదకొండు రోజులు పట్టింది. ధర అడగొద్దు, అది కూడా కంపెనీ పేరు లాగే. లాయర్ నోటీసు పోయింది, బ్రోకర్ నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. బండి అమ్మేయమని ఇంట్లో గొడవ. అమ్మితే వరద బండి అని చెప్పి అమ్మాలి, చెబితే ఎవరూ కొనరు. కాబట్టి ప్రస్తుతానికి నాదే.

నిన్న పొద్దున సుబ్బన్న పక్కన కూర్చుని కాజ దాకా తీసుకెళ్లాడు. టోల్ లైన్లో కావాలనే నాతో వరసగా పదిసార్లు తొక్కించాడు. పదోది కూడా వెన్నలో కాలు పెట్టినట్టు దిగింది. ముందు మళ్లీ మిర్చి లారీయే. అద్దం దించి ఉంది, ఇద్దరికీ తుమ్ములు.

పాయింట్ లేనోడు
తుమ్మి బ్రేకు తొక్కారా, బ్రేకు తొక్కి తుమ్మారా? రెండేళ్ల గడువులోపు చెప్పండి.

స్టీరింగ్ తాతయ్య
మీ ఆవిడ ఎక్కిందా బండి?

కానూరు కుర్రాడు
ఇంకా లేదు తాతగారూ. స్కూటీ మీదే తిప్పుతున్నాను.

స్పానర్ సుబ్బు
తమ్ముడూ, ఆ పాత బూస్టర్ కేసు అయ్యేదాకా పారేయకు. అయ్యాక నాకివ్వు. నిలువునా కోయించి షెడ్డులో కుర్రాళ్లకి చూపిస్తాను.